కాలు తెగిన రాణిచీమను ఇంట్లో ఉండనివ్వండి

తొలి వాన గట్టిగా పడిన మర్నాడు సైన్స్ టీచర్ బల్ల మీదికి అగ్గిపెట్టెలు, జామెట్రీ బాక్సులు, టిఫిన్ డబ్బాల మూతలు వచ్చి చేరతాయి. తెరిచి చూస్తే సగానికి పైగా ఉసిళ్లే. ఒకటి రెండింటిలో మాత్రం నిజంగానే రాణిచీమ ఉంటుంది. ఈ జూన్‌లో ఏడో తరగతి అమ్మాయి ఒకతె తెచ్చిన గండుచీమ రాణికి కుడివైపు నడిమి కాలు సగం నుంచి లేదు. అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో దొరికిందట. ఇంట్లో పెట్టుకుని పెంచుతానంది. సాయంత్రం వాళ్లమ్మగారు ఫోన్ చేసి రెండు ప్రశ్నలు అడిగారు. "ఇది బతుకుతుందా సార్?" అన్నది మొదటిది. "దీనికి ప్రాజెక్ట్ మార్కులేమైనా ఉన్నాయా?" అన్నది రెండోది.

బతకొచ్చని చెప్పాను. మార్కులు లేవని చెప్పాను. ఉండకూడదని కూడా నా అభిప్రాయం. అది ఫోన్‌లో రెండు ముక్కల్లో తేలే విషయం కాదు కాబట్టి ఈ పేజీలో రాస్తున్నాను.

ముందు ఆ చీమ సంగతి. వాన పడి నేల మెత్తబడగానే పుట్టల్లోంచి రెక్కలున్న ఆడచీమలూ మగచీమలూ ఒకే పూట గాల్లోకి లేస్తాయి. జతకట్టడం ఆ పూటతో సరి. మగవి కొద్ది రోజుల్లోనే చచ్చిపోతాయి. ఆడది నేల మీద వాలి, తన రెక్కలు తానే విరుచుకుని, అనువైన చోట చిన్న గది తవ్వుకుని లోపలి నుంచి మూసేసుకుంటుంది. మళ్లీ జతకట్టే పని జీవితంలో ఉండదు. ఆ పూట ఒంట్లో దాచుకున్న వీర్యంతోనే ఏళ్ల తరబడి గుడ్లు పెడుతుంది. గండుచీమ రాణి అయితే తిండి కోసం కూడా బయటికి రాదు. ఎగరడానికి పనికొచ్చిన రెక్కల కండరాలు ఇక అక్కర్లేదు కదా, అవి కరిగి, ఒంట్లోని కొవ్వుతో కలిసి, తనకూ మొదటి పిల్లలకూ ఆహారమవుతాయి. తొలి కూలిచీమలు పుట్టేదాకా, అంటే సుమారు నెలన్నర రెండు నెలల పాటు, బయటి నుంచి ఏమీ రాకుండానే ఆ సంసారం నడుస్తుంది.

ఉసిళ్లకూ దీనికీ తేడా పిల్లలకు ఒకసారి చూపిస్తే చాలు. ఉసిళ్లు చెదపురుగుల జాతి. వాటి నాలుగు రెక్కలూ ఒకే పొడవు, నడుము లావు, మీసాలు పూసల దండలా తిన్నగా ఉంటాయి. చీమకు ముందు రెక్కలు పెద్దవి, వెనకవి చిన్నవి. నడుము సన్నం, మీసం మోచేయిలా వంగి ఉంటుంది. రెక్కలు రాలిపోయిన రాణిని గుర్తుపట్టాలంటే తలకూ నడుముకూ మధ్య భాగం చూడాలి. కూలిచీమకు అది సన్నగా ఉంటుంది, రాణికి ఉబ్బి ఉంటుంది, పక్కల రెక్కలు ఊడిన మచ్చలు కనిపిస్తాయి. రెక్కలు లేకపోవడం గాయం కాదని కూడా పిల్లలకు చెప్పాలి. "సార్, ఎవరో దీని రెక్కలు పీకేశారు" అని కళ్లనీళ్లు పెట్టుకున్న పిల్లలు ఏటా ఉంటారు.

అసలు గాయం వేరు. పెద్దచీమ అయ్యాక ఇక కుబుసం విడవదు కాబట్టి పోయిన కాలు మళ్లీ మొలవదు. అయినా ఒక కాలు పోయిన రాణి గుడ్లు పెట్టగలదు, వాటిని నోటితో జరుపుకుంటూ సాకగలదు. తవ్వడమే కష్టం. టెస్ట్ ట్యూబులో ఆ తవ్వే పని ఎలాగూ ఉండదు. పొట్ట చితికినా, తలకు దెబ్బ తగిలినా మాత్రం ఆశ తక్కువ. మీసాలు రెండూ పోతే గుడ్డుకూ మట్టికీ తేడా తెలుసుకోవడం దానికి చాలా కష్టం. ఈ విషయం పిల్లలకు మొదటి రోజే చెప్పేయడం మంచిదని నా నమ్మకం.

చీమలు గాయాలకు చేసుకునే వైద్యం గురించి ఈ మధ్య తెలిసిన సంగతి ఒకటుంది. మా స్టాఫ్ రూంలో చదివి వినిపిస్తే లెక్కల సార్ కూడా పెన్ను కింద పెట్టి విన్నారు. ఫ్లోరిడాలో ఉండే ఒక రకం చీమలు, మన గండుచీమకు దగ్గర బంధువులే, తోటి చీమకు కాలి పైభాగంలో, అంటే తొడ దగ్గర, గాయమైతే ఆ కాలిని మొదలంటా కొరికి తీసేస్తాయి. కింది భాగంలో గాయమైతే కాలు తీయవు, నాకి నాకి శుభ్రం చేస్తాయి. జర్మనీలోని వుర్జ్‌బర్గ్ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు 2024లో ప్రచురించిన లెక్క ప్రకారం, తొడ గాయమై పుండు పట్టిన చీమల్లో వైద్యం లేకపోతే 40 శాతం లోపే బతికాయి, కాలు తీసేస్తే 90 శాతం పైగా బతికాయి. కింది గాయాల్లో శుభ్రం చేయనివి 15 శాతం, చేసినవి 75 శాతం. ఏ గాయానికి ఏ వైద్యమో అవి తేడా చూసుకుని చేస్తున్నాయన్నమాట.

కానీ కొత్తగా గూడు పెట్టబోయే రాణికి ఆ తోడు లేదు. కాలు కొరికి తీసే చెల్లెళ్లు లేరు, నాకే కూతుళ్లు ఇంకా పుట్టలేదు. తన గాయాన్ని తానే చూసుకోవాలి. అది చూసి మనకు ఏదో ఒకటి చేయాలనిపిస్తుంది. ఆ ఏడో తరగతి ఇంట్లో అమ్మమ్మగారు పసుపు తెచ్చారట. ఆమె ప్రేమను తప్పు పట్టను గానీ, చీమలు రాకుండా గడపల దగ్గర పసుపు చల్లేది కూడా మనమే కదా. పసుపు వద్దు, డెట్టాల్ వద్దు, ఫెవిక్విక్‌తో కాలు అతికించడం అసలే వద్దు. దానికి కావలసినవి తడి, చీకటి, నిశ్శబ్దం.

ఏర్పాటు తేలిక. గాజు టెస్ట్ ట్యూబులో మూడో వంతు నీళ్లు పోసి, నీళ్లకు తగిలేలా దూదిని లోపలికి గట్టిగా నొక్కాలి. రాణిని మెల్లగా లోపలికి పంపి, మూతి దగ్గర గాలి ఆడేలా ఇంకో దూది పెట్టాలి. పడుకోబెట్టి, నల్ల గుడ్డ చుట్టి, ఎవరూ కదపని అరలో ఉంచాలి. గాయమైనది కాబట్టి మొదటి రోజు ఆవగింజంత చక్కెర నీటి చుక్క పెట్టి చూడొచ్చు. ముట్టకపోతే తీసేయాలి, లేకపోతే బూజు పడుతుంది. వారానికి ఒకసారి, ఐదు నిమిషాలు చూడొచ్చు. ఫోన్ టార్చికి ఎర్ర సెల్లోఫేన్ కాగితం చుట్టి చూస్తే మేలు, ఎర్ర వెలుగు చీమలకు సరిగా కనపడదు. పడక గదిలో దోమల మందు లిక్విడ్ వాడే ఇళ్లయితే ట్యూబును ఆ గదిలో పెట్టకండి. దోమను చంపేది చీమనూ చంపుతుంది. చీమల చాక్‌పీసు గీతల సంగతి వేరే చెప్పక్కర్లేదు.

ఇంత తేలికైన పనిలో కష్టమంతా ఆ వారానికి ఒక్కసారి అనే షరతులోనే ఉంది. రోజూ తీసి చూస్తే రాణి బెదిరిపోయి తన గుడ్లు తానే తినేస్తుంది. ఏడు చేపల కథ మన పిల్లలందరికీ వచ్చు. నేరం చేప నుంచి గడ్డికి, గడ్డి నుంచి ఆవుకు, అలా మారుతూ మారుతూ చివరికి చీమ దగ్గరికి వస్తే, చీమ చెప్పుకునేది తన పుట్టలో వేలు పెట్టారనే కదా. వేలు పెట్టకుండా రెండు నెలలు ఉండటం ఏడో తరగతి పిల్లకు వచ్చు. నేను గమనించినంతలో అది రానిది పెద్దవాళ్లకు.

ఈ మాట కటువుగా ఉంటే మన్నించండి, ఇందులో మా బడిని కూడా కలిపే అంటున్నాను. సైన్స్ ఫెయిర్ అంటే చాలు, థర్మకోల్ మీద మెరుపు కాగితాలతో అగ్నిపర్వతాలు వస్తాయి. స్టేషనరీ షాపులో రెడీగా దొరికే సౌరకుటుంబాలు వస్తాయి. ఏది ఏ అమ్మగారు రాత్రి ఒంటిగంట దాకా కూర్చుని చేశారో మాకు తెలుస్తూనే ఉంటుంది. మార్కులు ఉన్నాయి కాబట్టి ఆమె చేశారు. మార్కులు మేమే పెట్టాం కాబట్టి మేమూ చూసీ చూడనట్టు ఉంటాం. రాణిచీమకు మార్కులు పెడితే ఏమవుతుందో నాకు కళ్లకు కట్టినట్టు కనిపిస్తోంది. డెమో రోజుకు గుడ్లు ఉండాలి. లేకపోతే నాన్నగారు ఇంకో చీమ కోసం బయల్దేరతారు, ఆన్‌లైన్‌లో వెతుకుతారు. చార్ట్ మీద బొమ్మ అందంగా వస్తుంది. పిల్ల మాత్రం ఒక్క వారం కూడా ఆ ట్యూబు ముందు ఊరికే కూర్చుని ఉండదు.

ఊరికే కూర్చోవడంలో ఏముంది అంటారా? వీక్లీ టెస్టులో తెలియని ప్రశ్న వస్తే మన పిల్లలు దాన్ని వదిలి తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోతారు. అలా వెళ్లమని నేర్పింది మేమే, ఆ పరీక్షకు అది సరైన పద్ధతే. జవాబు ఎప్పుడొస్తుందో తెలియని ప్రశ్న దగ్గర ఆగి ఉండటం మాత్రం టైంటేబుల్లో ఎక్కడా లేదు. ఈ వారం గుడ్లు ఎనిమిది, పోయిన వారం పది. ఆ రెండూ ఏమయ్యాయి? తినేసిందా, లార్వాలు అయ్యాయా, కాలి గాయం వల్ల మోయలేక ఎక్కడైనా వదిలేసిందా? నోట్‌బుక్‌లో తేదీ వేసి, చూసినది రాసి, తెలియనిది తెలియదని రాయడం. ఆ అలవాటు కోసమే నేను ఆ ట్యూబును ఇంట్లో ఉంచమంటున్నాను.

ఇక చచ్చిపోతే? ఆరోగ్యంగా ఎగిరిన రాణుల్లోనే అత్యధిక శాతం గూడు పెట్టకుండానే పోతాయి. పిట్టలు, బల్లులు, ఇతర చీమలు తినేస్తాయి, లేదా ఎండిపోతాయి. గాయమైనదానికి ఇంకా కష్టం. ఒక ఉదయం ట్యూబులో అది ముడుచుకుని కదలకుండా ఉండొచ్చు. ఆ రోజు ఒక్కటి చేయకండి: పిల్ల బడి నుంచి వచ్చేలోగా అలాంటిదే ఇంకో చీమను తెచ్చి పెట్టకండి. అక్వేరియం చేపల విషయంలో చాలా ఇళ్లలో ఈ పని జరుగుతుందని నాకు తెలుసు. ప్రేమతోనే చేస్తారు. కానీ నాలుగు వారాలుగా రాస్తున్న నోట్‌బుక్ ఆ క్షణం నుంచి అబద్ధమైపోతుంది, అది అబద్ధమని ఇంట్లో ఆ పిల్లకు తప్ప అందరికీ తెలుసు. చచ్చిపోయిందని చెప్పండి. ఏ తేదీన, ఎలా ఉండగా చూసిందో రాసుకోనివ్వండి. ఏడిస్తే ఏడవనివ్వండి.

బతికి గూడు పెడితే బాధ్యత మొదలవుతుంది. ఇది పిల్లలతో పాటు మీరూ ముందే ఆలోచించుకోవాల్సిన విషయం. మొదట పుట్టే కూలిచీమలు మామూలు వాటికంటే బాగా చిన్నవి, ఆహారం సరిపోక అలా ఉంటాయి, అది జబ్బు కాదు. అవి వచ్చాక వారానికి రెండు సార్లు చక్కెర నీటి చుక్క, ఒక చిన్న పురుగు ఇవ్వాలి. దోమల బ్యాట్‌తో చచ్చిన దోమ సరిగ్గా సరిపోతుంది. స్ప్రే కొట్టి చంపిన బొద్దింక పనికిరాదు. కొన్ని నెలల పాటు వాటి సంఖ్య పదుల్లోనే ఉంటుంది కాబట్టి ఇల్లంతా చీమలవుతాయన్న భయం అక్కర్లేదు. ట్యూబు చాలనప్పుడు దాన్ని ఒక ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, డబ్బా అంచుకు లోపలి వైపు టాల్కం పౌడర్ పూస్తే ఎక్కలేక జారిపోతాయి. కుడితే మంటపుట్టే చిన్న ఎర్రచీమలనూ, మామిడి చెట్ల మీద ఆకులు కుట్టి గూడు కట్టే వాటినీ ఇంటికి తేనివ్వకండి. గండుచీమ కొరుకుతుంది గానీ మంట తక్కువ.

అది ఎన్నాళ్లుంటుంది అంటే, కుక్కపిల్లను తెచ్చుకునేటప్పుడు ఆలోచించినంతగా ఆలోచించాల్సిందే. యూరప్‌లో సాధారణంగా కనిపించే ఒక నల్లచీమ రాణి ప్రయోగశాలలో 28 ఏళ్లకు పైగా బతికింది. ఇంగ్లండ్‌లో జాన్ లబ్బాక్ అనే ఆయన 1874 చివర్లో తెచ్చుకున్న రాణి 1888 దాకా ఉంది. లబ్బాక్ వృత్తికి బ్యాంకరు, పార్లమెంటు సభ్యుడు. 1871లో ఆ దేశంలో బ్యాంకు సెలవుల చట్టం తెచ్చింది ఆయనే. బ్యాంకు పని చూసుకుంటూ, సభకు వెళుతూ, ఇంట్లో గాజు పలకల మధ్య చీమల గూళ్లు పెట్టుకుని ఏళ్ల తరబడి గమనించి 1882లో పుస్తకం రాశాడు. మాకు టైమెక్కడిది సార్ అనే తండ్రులకు నేను చెప్పే పేరు ఇదే.

ఇంకో పేరు చెప్పడానికి కొంచెం జంకుతున్నాను, రేపు "చీమల ఒలింపియాడ్ కోచింగ్ ఉందా?" అని అడుగుతారేమోనని. అమెరికాలో ఎడ్వర్డ్ విల్సన్‌కు ఏడేళ్ల వయసులో చేప ముల్లు గుచ్చుకుని కుడి కంటి చూపు పోయింది. పెరిగేకొద్దీ వినికిడి కూడా కొంత తగ్గింది. దూరాన ఉన్న పిట్టలనూ జంతువులనూ చూసి, విని గుర్తుపట్టడం కష్టమై, మిగిలిన కంటికి దగ్గరగా పట్టుకుని చూడగలిగే చిన్న ప్రాణుల వైపు మళ్లాడు. 1942లో, 13 ఏళ్ల వయసులో, మొబైల్ అనే రేవు పట్టణంలో బయటి దేశం నుంచి వచ్చిపడిన మంటచీమల గూటిని గుర్తించాడు. ఆ తర్వాత చీమల మీద ప్రపంచంలోనే పెద్ద పేరు ఆయనది. బెర్ట్ హోల్‌డోబ్లర్‌తో కలిసి రాసిన చీమల పుస్తకానికి 1991లో పులిట్జర్ బహుమతి వచ్చింది. మీ పిల్ల అంతటిది అవుతుందని నేను చెప్పడం లేదు. ఒక కాలు లేని చీమనూ, ఒక కన్ను లేని పిల్లాణ్నీ పనికిరారని పక్కన పెట్టేసే తొందర మనకు ఎక్కువని మాత్రం అంటున్నాను. అమ్మాయి ఆ చీమను ఏరుకొచ్చినప్పుడు పక్కింటి అబ్బాయి "విరిగిపోయింది, పడేయ్, మంచిది వెతుకుదాం" అన్నాడట. సెక్షన్లుగా, ర్యాంకులుగా పిల్లలను విడదీసే బడిలో పని చేసేవాడిని కాబట్టి ఆ మాట నాకు గట్టిగానే తగిలింది.

కొనడం గురించి కూడా ఒక మాట. ఆన్‌లైన్‌లో విదేశీ రాణిచీమలు అమ్మేవాళ్లున్నారు. 2025లో కెన్యాలో ఇద్దరు బెల్జియం కుర్రాళ్లు సుమారు 5,000 రాణిచీమలతో దొరికిపోయారు. దూది పెట్టిన చిన్న చిన్న ట్యూబుల్లో సర్దారు, ఇందాక చెప్పిన ఏర్పాటు లాంటిదే. కోర్టు పది లక్షల కెన్యా షిల్లింగుల జరిమానా, కట్టకపోతే ఏడాది జైలు అంది. ఆ దేశం దాన్ని వన్యప్రాణుల దొంగరవాణాగానే చూసింది. పరాయి చీమ ఒకసారి తప్పించుకుని నేలలో స్థిరపడితే ఏమవుతుందో విల్సన్ చూసిన ఆ మంటచీమలే చెబుతాయి, అమెరికా దక్షిణ రాష్ట్రాలు ఇప్పటికీ వాటితో వేగుతున్నాయి. కాబట్టి మన వాకిట్లో దొరికిందే, ఒక్కటే. బాగున్న రాణి తోటలో గది తవ్వుకుంటూ కనిపిస్తే దాని మానాన దాన్ని వదిలేయాలి. పార్కింగ్‌లో కాలు తెగి తిరుగుతున్నదాన్ని తేవచ్చు, రెండో చక్రం వచ్చేదాకా అది అక్కడ ఉంటుందన్న నమ్మకం లేదు. ఇక పెంచలేము అనుకున్నప్పుడు గూటి మొత్తాన్నీ తెచ్చిన ఆవరణలోనే, చెట్టు మొదట్లో, వాన కాలంలో వదలాలి. సెలవులకు వెళ్లినప్పుడు ఊళ్లో వదిలి రావడం వద్దు.

చిన్న తరగతుల పిల్లలకు ఇది నేను చెప్పను. గాజు ట్యూబు, ఆగలేని చేతులు, రెండూ ఒకచోట వద్దు. ఆరో తరగతి నుంచి ఫరవాలేదు. పదో తరగతి వాళ్లకు ఈ ఏడాది వద్దని మీరంటే నేను వాదించను, అయినా వారానికి ఐదు నిమిషాలు ఎవరి ర్యాంకునూ తినవు.

ఆ అమ్మాయి రాణికి ఇది రాసే రోజుకు ఐదు వారాలు. చివరిసారి చూసినప్పుడు నాలుగు లార్వాలు, రెండు పట్టుగూళ్లు ఉన్నాయని నోట్‌బుక్‌లో ఉంది. గోధుమగింజల్లా ఉన్నాయని రాసి, ఆ పక్కనే "ఐదు కాళ్లతో తిప్పుతోంది, ఎలాగో అర్థం కాలేదు" అని రాసింది. రెండో పట్టుగూడు మీద కొంచెం నల్లమచ్చ ఉంది. అది బూజో కాదో వచ్చే ఆదివారం గానీ తెలియదు. ఈలోగా ట్యూబు తెరవొద్దని వాళ్ల నాన్నగారికి కూడా చెప్పాను.

మీ ఇళ్లలో ఎవరైనా తెస్తే, బయాలజీ ల్యాబులో పాత గాజు ట్యూబులు చాలానే ఉన్నాయి. శనివారం లంచ్ బ్రేక్‌లో పిల్లలే వచ్చి తీసుకెళ్లొచ్చు. పేరు రాయించుకోం, డైరీలో నోట్ పంపం.